పెదవి తప్పిన బొమ్మ

ఆ బొమ్మలోని ఆడమనిషికి పెదవుల ఎరుపు పక్కకు జరిగి ఉంది. దాన్ని నేను దిద్దాను. తర్వాత జరిగిందంతా దానివల్లే. అందుకని ముందు అదే చెబుతున్నాను.

రియాద్‌లో సులై అనే చోట మా కంపెనీ గోదాము ఉంది. ఎగ్జిబిషన్లకు పై దేశాల నుంచి వచ్చే సామాను చెక్కపెట్టెల్లో అక్కడికే దిగుతుంది. పెట్టెలు విప్పడం, లోపలున్నది ఫొటో తీసుకోవడం, హాలుకు తీసుకెళ్లి గోడకు బిగించడం, అంతా అయ్యాక మళ్లీ పెట్టెలో పెట్టి సాగనంపడం మా పని. పెట్టెలు విప్పేది జిలానీ. వడ్రంగి. రాయచోటి దగ్గర పల్లె అతనిది. నేను పెయింటర్ని. పెట్టెల మీద అక్షరాలు, బాణాలు, పగిలే సామానని చెప్పే గ్లాసు గుర్తులు రాస్తాను. హాల్లో బొమ్మలు నిలబెట్టే దిమ్మెలకు తెల్లరంగు వేస్తాను. అరబ్బీ గానీ ఇంగ్లీషు గానీ నాకు చదవడం రాదు. చూసి రాస్తాను. ముప్పై ఏళ్లలో ఒక్క అక్షరం వంకర పోలేదు.

నాకు అరవై ఆరు. అరవై దాటినవాళ్ల ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రెన్యువల్ చేయడానికి కంపెనీకి మనసు రాదు. నా చెయ్యి చూసి చేస్తున్నారు. మా ఊరు కోరుట్లలో నాకు ఎదురుచూసేవాళ్లు లేరు. భార్య పోయింది, పిల్లలు లేరు. పని ఉన్నంతకాలం ఇక్కడే ఉండాలని నా కోరిక. ఇంకో కోరికంటూ ఏమీ లేదు.

జనవరిలో లండన్ నుంచి పద్నాలుగు పెట్టెలు వచ్చాయి. కెనెత్ వార్డిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడి బొమ్మలవి. ఆఫీసు చూసుకునే సురేంద్ర గారు మమ్మల్ని నిలబెట్టి చెప్పారు.

"పాప్ ఆర్టిస్ట్ అండి. లెజెండ్. ఎయిటీ ఫోర్ ఇయర్స్ ఏజ్‌లో పర్సనల్‌గా వస్తున్నారు. గ్లవుజులు లేకుండా ఎవరూ టచ్ చెయ్యొద్దు. జిలానీ, రిజిస్టర్‌లో సైన్ నీదే. విప్పిన దగ్గర్నుంచి హాల్‌కి వెళ్లేదాకా టోటల్ రెస్పాన్సిబిలిటీ నీదే. రూమ్‌కి లాక్ వెయ్యకుండా బయటికి వెళ్లకూడదు."

"అట్లనే సార్," అన్నాడు జిలానీ.

మొదటి పెట్టెలో మనిషెత్తు సబ్బు రేపరు బొమ్మ. రెండో దాంట్లో అగ్గిపెట్టె. మూడో దాంట్లో టీపొట్లం. జిలానీ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంది మామా ఇది? మా ఊర్లో మాబున్నీ కొట్టును ఊడబీక్కొని విమానమెక్కించినట్టుండాదే! దీనికా గ్లవుజులు? ఆయమ్మ కొట్లో సబ్బు కావాలంటే ఒట్టి చేత్తోనే ఇచ్చేది."

నేను నవ్వాను. అతను రోజంతా మాట్లాడతాడు, నేను వింటాను. ఎనిమిదేళ్లుగా మాకది అలవాటు. టీ తాగేటప్పుడు ఫోన్లో తన కూతురు సుల్తానాను చూపిస్తాడు. ఆ పాప పుట్టి పద్నాలుగు నెలలు. అతను ఇంకా కళ్లారా చూడలేదు. ఆ నెలాఖరుకే అతనికి సెలవు. ఊరికి పోయి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం ఆఫీసులో తయారవుతోంది. "సూడు మామా, పండ్లొచ్చినాయి" అంటాడు. నేను చూసి తలాడిస్తాను. ఎప్పుడూ ఒక్క ప్రశ్న అడిగింది లేదు.

ఏడో పెట్టెలో జాము డబ్బా లేబులు ఉంది. తలుపుకంటే పెద్ద గుడ్డ మీద వేసిన బొమ్మ. తలకు రుమాలు కట్టుకున్న ఆడమనిషి చెంచా పట్టుకుని నవ్వుతోంది. కళ్లు, ముక్కు, చెంచా అన్నీ నల్లగీతల్లో పొందిగ్గా ఉన్నాయి. పెదవుల ఎరుపు ఒక్కటే బొటనవేలంత కుడిపక్కకు జరిగిపోయింది. ఎడమవైపు గీతకూ రంగుకూ మధ్య తెల్లటి సందు. కుడివైపు చెంప మీదకు పొంగిన ఎరుపు.

దాన్ని చూడగానే నా చెయ్యి బ్రష్షు కోసం వెతికింది.

ఎందుకో చెప్పాలి. కోరుట్లలో చిన్నప్పుడు నేను సినిమాహాలులో పనిచేశాను. ఆ రోజుల్లో పోస్టర్లు నాలుగు రంగులు నాలుగుసార్లు అచ్చు కొట్టేవారు. కాగితం నూలువాసి జరిగినా హీరోయిన్ పెదవి చెంప మీద పడేది. కట్టలో పది, పదిహేను అలాంటివి ఉండేవి. వాటిని పారేయడానికి హాలు ఓనరు ఒప్పుకోడు. మా ఉస్తాదు నా చేతికి బ్రష్షు ఇచ్చి "మూతులు దిద్దు" అనేవాడు. పొంగిన ఎరుపు మీద ఒంటిరంగు, సందులో ఎరుపు. అంటించాక రోడ్డు మీద నిలబడి చూసినవాడికి తేడా తెలియకూడదు. తెలిస్తే వేళ్ల కణుపుల మీద కర్రతో ఒకటి పడేది. నా చెయ్యి తయారైంది ఆ మూతుల మీదే. పన్నెండేళ్లు దిద్దాను.

మధ్యాహ్నం జొహర్ నమాజుకు వేళైంది. జిలానీ తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"మామా, నువ్వుండావుగా. పోయొస్తా."

మిగతావాళ్లు అన్నానికి పోయారు. నేనూ ఆ బొమ్మా మిగిలాం. పెద్దాయన రేపు వస్తాడు. ఇంత దూరం వచ్చి, దీన్ని ఇట్లా చూసి ఏమనుకుంటాడు? అచ్చువాడెవడో చెడగొట్టాడు, పాపం ఈయనకు తెలిసో తెలియకో పెట్టెలో పెట్టి పంపారు, అనిపించింది. ఎనామిల్ డబ్బాలు తీశాను. చెంపరంగు కలపడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది, అది పాత రంగు, ఎండిన గోధుమపిండిలా ఉంది. చెయ్యి ఆనించుకునే కర్ర పెట్టుకుని సన్నబ్రష్షుతో దిద్దాను. అరగంట కూడా పట్టలేదు. ఆమె మొహం కుదుటపడింది. బ్రష్షు కడిగి మేకుకు తగిలించి, అన్నం తిన్నాను. ఆ రోజు అన్నం రుచిగా ఉంది.

మర్నాడు పొద్దున్న వార్డిల్ వచ్చాడు. చక్రాల కుర్చీలో కూర్చున్న పొడుగాటి ముసలాయన. రెండు చేతులూ ఒళ్లో ఆగకుండా వణుకుతున్నాయి. కుర్చీ తోసే నర్సు మన అమ్మాయే, రెబెక్కా. పాలకొల్లు వైపు అట. ఇక్కడి ఆసుపత్రి నుంచి ఆయన ఉన్నన్నాళ్లూ చూసుకోమని పంపారు.

ఆయన సబ్బు దగ్గర ఆగాడు, అగ్గిపెట్టె దగ్గర ఏదో చెప్పి నవ్వాడు. జాము డబ్బా దగ్గర మాత్రం నవ్వు ఆపేశాడు. కుర్చీ ఇంకా ముందుకు తొయ్యమని సైగ చేశాడు. ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టి చూశాడు. చాలాసేపు చూసి ఒక్క మాట అన్నాడు. సురేంద్ర గారు గబగబా దగ్గరికి వచ్చారు. ఫోన్లో నిన్నటి ఫొటో తీసి బొమ్మ పక్కన పెట్టి చూశారు.

"ఓ మై గాడ్. ఎవరు చేశారు ఇది? జిలానీ! రూమ్ లాక్ చేశావా నిన్న?"

జిలానీ బొమ్మను చూశాడు. తర్వాత గోడ మేకుకు వేలాడుతున్న నా బ్రష్షును చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"లేదు సార్," అన్నాడు. "నమాజు తొందర్లో తాళం ఎయ్యకుండానే పోయినా."

తాళంచెవి నాకిచ్చిన సంగతి చెప్పలేదు. సురేంద్ర గారు నావైపు తిరగను కూడా లేదు. నేను ముప్పై ఏళ్లుగా గోడలాగే ఉన్నాను, గోడను ఎవరడుగుతారు?

"వెకేషన్ హోల్డ్," అన్నారు సురేంద్ర గారు. "ఎంక్వయిరీ క్లోజ్ అయ్యేదాకా ఎగ్జిట్ రీఎంట్రీ లేదు. కంప్లైంట్ కఫీల్ దాకా, అంటే ఓనర్ దాకా వెళ్తుంది. తర్వాత నా చేతుల్లో ఉండదు."

అప్పుడు చెప్పాల్సింది. నోరు రాలేదు. అడిగితే చెబుదాం అనుకున్నాను. ఎవరూ అడగలేదు. అదే సాకు పట్టుకుని మూడు రోజులు గడిపాను. చెబితే ఈసారి ఇకామా రెన్యువల్ కాదు, అది నాకు తెలుసు. తెలిసినంతసేపూ నాలుక లేవలేదు.

జిలానీ కూడా మాట్లాడటం మానేశాడు. టీ దగ్గర ఫోను తీయలేదు. రెండో రోజు ఒక్కసారి మాత్రం, మేకులు పీకుతూ, నావైపు చూడకుండా అన్నాడు: "మా ఇంటామె అడుగుతాండాది మామా, ఏ రోజు విమానం అని. ఏం చెప్పేది?"

నేను దిమ్మెకు తెల్లరంగు వేస్తూ ఉండిపోయాను.

వార్డిల్ రోజూ వచ్చేవాడు. హాలుకు పోయి చూడాల్సిన పని ఉన్నా, మా గోదాముకే వచ్చి ఆ బొమ్మ ముందు కూర్చునేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పట్టింది ఆయనకు. రెబెక్కా నా దగ్గరకొచ్చి నిలబడింది.

"బాబాయ్ గారూ, మీరు తెలుగువారేనంట కదండీ? నాలుగు రోజుల్నించీ చూస్తన్నాను, ఒక్క ముక్క మాట్టాడరేంటండీ?"

"పని బిడ్డా," అన్నాను.

"మా పెద్దాయన మీకు పూర్తిగా ఆపోజిట్ అండి. నిద్దర్లో కూడా మాట్టాడతారు." ఆమె అక్కడే పెట్టె మీద కూర్చుంది. "ఆ బొమ్మ ఎవరో తెల్సా అండీ? వాళ్లమ్మగారు."

నా బ్రష్షు ఆగిపోయింది.

ఆమె చెప్పింది ఇది. వార్డిల్ పుట్టిన ఊళ్లో జాము ఫ్యాక్టరీ, దాని పక్కనే లేబుళ్లు అచ్చుకొట్టే ప్రెస్సు ఉండేవి. తండ్రి యుద్ధంలో పోయాడు. తల్లి ఆ ప్రెస్సులో లేబుళ్లు ఏరే బల్ల దగ్గర పనిచేసేది. రంగు జరిగినవి ఏరి పక్కన పడెయ్యాలి. ఆ రద్దు కాగితాలను ఇంటికి తెచ్చుకునేది. పొయ్యి రాజెయ్యడానికి కొన్ని, అల్మరాల్లో పరవడానికి కొన్ని, కొడుకు వెనకవైపు బొమ్మలు గీసుకోవడానికి కొన్ని. ఒక రోజు ఆమెకు ఒంట్లో బాగాలేదు. రంగు జరిగిన కట్ట ఒకటి ఆమె చూపు తప్పించుకుని ఫ్యాక్టరీకి పోయింది. డబ్బాల మీదకెక్కింది. ఊరంతా పెదవి తప్పిన బొమ్మే. ప్రెస్సువాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. అక్కడ పందొమ్మిదేళ్లు చేసింది. మళ్లీ ఎక్కడా పని దొరకలేదు.

"ఆ కట్టలో లేబులే అండీ ఇది. పెద్దాయన లండన్ వెళ్లి బొమ్మల చదువు చదువుకున్నాక, ఇరవై రెండేళ్లకి మొట్టమొదటగా వేసింది ఇదేనంట. అందరూ నవ్వారంట, జాము డబ్బా ఏంటి, బొమ్మేంటి అని. తర్వాత పేపర్లలో వేశారు, పేరొచ్చింది. తర్వాత ముప్పయ్యేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ ముసలితనంలో గుర్తొచ్చారు. సబ్బులూ అగ్గిపెట్టెలూ అన్నీ అమ్మేశారు గానీ దీన్ని మాత్రం అమ్మలేదండీ. ఎక్కడికెళ్లినా తోడు తెచ్చుకుంటారు."

నేను బ్రష్షు కింద పెట్టాను. తలుపు అవతల జిలానీ సుత్తి చప్పుడు వినబడుతోంది. దెబ్బ, దెబ్బ, మధ్యలో మాట లేదు.

"ఆ మూతి దిద్దింది నేనే బిడ్డా," అన్నాను.

"ఏంటండీ?"

"నేనే దిద్దిన. జిలానీకి ఎర్కలే. తాళం నా చేతిలనే ఉండె. ఆయన లేచినంక చెప్పు."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత వెళ్లి ఆయన భుజం తట్టి లేపింది. ఆమె చెబుతున్నంతసేపూ నేను గోడకానుకుని నిలబడ్డాను. ఆయన వింటూ నన్ను చూశాడు. కోపంగా ఉంటే బాగుండేది. ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. ఎందుకు దిద్దావని అడిగించాడు. పోస్టర్ల సంగతి చెప్పాను. నా జీవితంలో ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది అప్పుడే.

నా చేతులు చూపించమన్నాడు. చూపించాను. ఏదో అన్నాడు. రెబెక్కాకు నవ్వొచ్చింది, ఆపుకుంది.

"ఇంత మంచి చెయ్యి తను చూళ్లేదంటన్నారండి. తన దగ్గర పనికి చేరుంటే మాత్రం మొదటిరోజే తరిమేసేవారంట."

ఆ తర్వాత ఆయన ఇంకొకటి అడిగాడు. చెడగొట్టిన చేత్తోనే పెదవి ఎరుపును మళ్లీ పక్కకు జరపమన్నాడు. గుడ్డ మీద కాదు, ముందు అట్టముక్క మీద.

అట్ట మీద పెదవుల గీత గీశాను. ఎరుపు తీసుకున్నాను. గీత దాటించి వెయ్యాలి, అంతే. బ్రష్షు గీతదాకా పోయి ఆగింది. ఇంకో అట్ట తీసుకున్నాను. ఈసారి కళ్లు మూసుకుని తోశాను. కళ్లు తెరిస్తే అంచుకు అంటీ అంటకుండా ఉంది. మూడోది బలవంతంగా దాటించాను. దాటింది గానీ అది పెదవి జరిగినట్టు లేదు, దెబ్బ తగిలి నెత్తురు కారినట్టుంది. అచ్చులో రంగంతా ఒక్కలాగే, ఒక్కవైపే జరుగుతుంది. దానికి చెయ్యి అవసరం లేదు. నా చేతికి దిద్దడమే వచ్చు. తప్పడం రాదు.

ఆయన తనకివ్వమన్నాడు. వణికే చేత్తో అట్ట మీద పెట్టాడు. నాలుగు దిక్కులా పోయింది ఎరుపు. ఆయన అట్ట కింద పెట్టి, పెద్ద బొమ్మకేసి చూస్తూ మెల్లగా ఏదో చెప్పాడు.

"ఏమన్నడు?" అని అడిగాను.

రెబెక్కా అట్టముక్క తీసి పక్కన పెట్టింది. "బాగా దిద్దారంటండీ. ప్రెస్సువాళ్లు చూస్తే అమ్మని పన్లో ఉంచేవారంట. కానీ ఇప్పుడిది ఉత్త జాము డబ్బా అంటన్నారు. అమ్మ లేదంటన్నారు."

లండన్‌లో కడిగి బాగుచేసేవాళ్లు ఉన్నారట. కడిగితే నా ఎనామిల్‌తో పాటు కిందున్న పాత ఎరుపు కూడా పోవచ్చట. ఆయన వద్దన్నాడు. బొమ్మను హాలుకు పంపొద్దన్నాడు. ఏడో పెట్టెను మళ్లీ మూసేయమన్నాడు. మూత మీద అక్షరాలు నేనే రాశాను. వంకర పోలేదు.

సురేంద్ర గారికి నేనే చెప్పాను. ఆయన చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు.

"మిస్టర్ వార్డిల్ కూడా చెప్పారండి, ఎవర్నీ పనిష్ చెయ్యొద్దని. బట్ రిపోర్ట్ రాయకుండా కుదరదు కదా మొండయ్య గారూ. మీ ఇకామా కూడా వచ్చే నెల ఎక్స్‌పైరీ. ఫైనల్ ఎగ్జిట్ పెట్టేద్దాం. అందరికీ క్లీన్‌గా ఉంటుంది."

ప్రెస్సులో వార్డిల్ తల్లితో కూడా ఇంత మర్యాదగానే మాట్లాడారో లేదో, నాకు తెలియదు.

మేం పడుకునే షెడ్డులో జిలానీ సామాను పెట్టె సర్దుకుంటున్నాడు. సెలవు మంజూరైంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"చెప్పేసిన జిలానీ."

"తెలుసు."

"నీకు ఎప్పుడు..."

"మొదట్రోజే తెలుసు మామా. నమాజు నుంచి వచ్చేసరికే నీ బ్రష్షు తడిగా ఉన్నింది." అతను చొక్కా మడతపెడుతూనే ఉన్నాడు. "నేను చెప్తే చాడీ అయితుంది. నువ్వు చెప్తే మాటయితుంది. నువ్వే చెప్తావని గమ్మునుండా. ఒక దినం. రెండు దినాలు. మూడు దినాలు. నాలుగోది కూడా సగం పోయ. అంతసేపా మామా?"

నేను వెళ్లి నా గుడ్డలు సర్దుకోవడం మొదలుపెట్టాను. అతను మళ్లీ అడగలేదు.

ఆఫీసువాళ్లు ఇద్దరికీ ఒకే విమానం వేశారు, పక్కపక్క సీట్లు. అతనిది రెండు నెలల సెలవు, నాది తిరిగిరాని ప్రయాణం. ఎయిర్‌పోర్టులో అతను ముందు నడిచాడు, నేను వెనక. నా పెట్టె బరువుగా ఉంటే ఒక్క మాట అనకుండా తీసుకుని తూకం మీద పెట్టాడు. మళ్లీ ముందుకు నడిచాడు. విమానం లేచింది. హైదరాబాదు మూడు గంటలుందనగా ట్రేలు తెచ్చారు. బన్ను, ఆమ్లెట్టు, చిన్న డబ్బాలో జాము.

నేను జాము డబ్బా తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. మూత మీద ఎర్రటి పండు, పచ్చటి తొడిమ. కళ్లద్దాలు పైకి నెట్టి చూశాను. ఎక్కడి రంగు అక్కడే ఉంది. నూలువాసి కూడా జరగలేదు. జిలానీ ట్రేలో ఉన్నది కూడా వంగి చూశాను. అదీ అంతే.

"ఏం మామా," అన్నాడు జిలానీ. షెడ్డు తర్వాత నాతో అతను మాట్లాడిన మొదటి మాట అది. "దిద్దేదానికేం దొరకల్యా?"

"లేదు."

అతను బన్ను విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నేను జాము డబ్బా ట్రేలో పెట్టాను. మాట వస్తుందో రాదో అనుకున్నాను గానీ వచ్చింది.

"సుల్తానాకు ఎన్ని పండ్లొచ్చినయ్ ఇప్పుడు?"

అతను నమలడం ఆపాడు.

"ఆరు," అన్నాడు.

ఫోను మాత్రం తీయలేదు.